నేయని బట్ట: సూదిపోటు వస్త్రముల గుణనిర్ణయము

తెలుగున వస్త్రమునకు సంబంధించిన పలుకుబడి యంతయు మగ్గము చుట్టు అల్లుకొనియున్నది. పడుగు, పేక, నాడె, కండె, ఆసు, పన్నె అను మాటలు పద్మశాలి యింట పుట్టిన పిల్లకు ఉగ్గుపాలతో అబ్బును. స్నేహము గాఢమైనచో ఇరువురు పడుగుపేకలవలె కలిసిపోయిరందురు. వస్త్రమనగా నేసినదే యను భావము భాషలో ఎంతగా నాటుకొన్నదనగా, "నేయని బట్ట" అనుమాట వినినవారికి అది ఈనని ఆవు పాలవలె తోచును.

అయినను అట్టి బట్ట కలదు. పెండ్లి పందిళ్ళలోను, గణపతి మండపములలోను, బతుకమ్మ ఆడు ఆవరణలలోను నేలపై పరచు చవుకరకపు ఎర్ర తివాచీ అంచును గోటితో గీరి చూచినచో నూలుపోగు రాదు. పీచు మాత్రమే ఊడివచ్చును. దానిలో పడుగు లేదు, పేక లేదు, అసలు నూలే లేదు. వడకని పీచును పరచి, ముళ్ళసూదులతో లక్షలసార్లు పొడిచి, పీచునకు పీచు ముడివడునట్లు చేసిన వస్త్రమది. దీనిని సూదిపోటు వస్త్రమనవచ్చును. పందిటి తివాచీ దీనికి తక్కువ తరపు ఉదాహరణము. ఇదే జాతి వస్త్రము సిమెంటు కర్మాగారములలో దుమ్మును పట్టు సంచిగాను, రహదారుల క్రిందను, సముద్రపు కట్టల వెనుకను మన్నును ఆపి నీటిని విడుచు జల్లెడగాను పనిచేయుచున్నది. పందిటిలో తివాచీ చినిగిన నష్టము లేదు. కట్ట వెనుక జల్లెడ తప్పినచో కట్ట కూలును. కావున ఈ వస్త్రము ఎట్లు ప్రవర్తించునో ముందుగా లెక్కవేసి చెప్పగలమా అను ప్రశ్న విద్వాంసులను అనేక దశాబ్దములుగా వేధించుచున్నది.

ఈ విషయము గ్రాంట్ రోడ్డు పరిసరముల తెలుగువారికి దూరపుది కాదు. గవర్నరు సర్ రాబర్ట్ గ్రాంటు పేర వెలసిన ఈ బాట సమీపమున గల నేలలో చాల భాగము ఒకప్పుడు సముద్రపు పోటునకు మునుగు పల్లము. 1784 ప్రాంతమున హార్న్‌బీ వెల్లార్డు అను కట్ట మహాలక్ష్మి, వర్లీల నడుమనున్న గండిని మూసిన పిమ్మట ఆ పల్లము క్రమముగా మెరకయైనది. నైజాము సీమనుండి వచ్చిన తెలుగు కామాటీలు రాళ్ళు మోసి, మన్ను పోసి నగరనిర్మాణమున పాలుగొనిరి. వారు నివసించిన పేట వారి పేరనే కామాటిపురమైనది. దానికి చేరువనున్న తాడ్‌దేవులో 1854లో కావస్‌జీ నానాభాయి దావరు స్థాపించిన నూలుమిల్లు 1856లో పని ఆరంభించెను. అటుపిమ్మట కరీంనగరు, నల్లగొండ, వరంగల్లు ప్రాంతములనుండి పద్మశాలీలు వచ్చి వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేలు మిల్లులలో చేరిరి. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల కార్మికులు పాల్గొనిరి. తరువాత పెక్కు మిల్లులు మరల తెరువబడలేదు. కామాటీలు మన్ను నెత్తికెత్తుకొనిరి, పద్మశాలీలు పీచును చేతబట్టిరి. ఆ రెంటిని ఒకచోట చేర్చు వస్త్రమును గూర్చియే ఈ వ్యాసము.

ముందుగా తయారీ క్రమము. కార్డింగు ఖాతాలో పనిచేసినవారికి ఇందులో సగము తెలిసినదే. పీచును విడదీసి, దువ్వి, పలుచని పొరగా తీయుట కార్డింగు. యంత్రములకు ముందు దూదేకులవారు కమాను నారిని మీటుచు చేసినదియు ఈ పనియే. మిల్లులో ఆ పొరను త్రాడువలె దగ్గరకు చేర్చి నూలు వడకుటకు పంపుదురు. ఇచ్చట అట్లు చేయక, పొరను అడ్డముగా అటునిటు మడచుచు ఒకదానిపై నొకటి పేర్చుదురు. దీనివలన పీచులలో అధికభాగము వస్త్రపు వెడల్పు దిక్కునకు తిరిగియుండును. ఈ చిన్న విషయమునకు తరువాత పెద్ద ఫలితము కలదు.

ఇక సూదులు. ముసలమ్మలు పాతచీరలను పొరలుగా పరచి బొంత కుట్టుటను చూడనివారుండరు. బొంతలో పొరలను పట్టియుంచునది దారము. సూదిపోటు యంత్రమున సూదికి కన్నులేదు, దారము లేదు. ముక్కోణపు సూదిమొన అంచులయందు చిన్న చిన్న గంట్లుండును. సూది క్రిందికి దిగునపుడు ఆ గంట్లు పైపొర పీచులను కొన్నింటిని పట్టి అడుగువరకు లాగుకొనిపోవును. పైకి వచ్చునపుడు గంట్లు పీచును విడిచి ఖాళీగా వచ్చును. ఆ విధముగా దిగిన పీచుకుచ్చు వస్త్రమునకు నిలువు మేకువలె పనిచేయును. అనగా బొంతకు కావలసిన దారమును బొంతలోనుండియే తీసిరి. పందొమ్మిదవ శతాబ్ది చివర ఇంగ్లండులోని లీడ్సు పట్టణమున ఈ పద్ధతి యంత్రరూపము దాల్చి, జనపనార, జంతురోమము వంటి ముతక పీచును ఫెల్టుగా చేయుటకు వాడబడెను. ఉన్నికి ఈ యంత్రముతో పని లేదు. ఉన్నిపీచు మీద పొలుసులుండుటచే తడిపి మర్దించినంతనే తనంత చిక్కుపడును. పొలుసులు లేని పీచునకే సూదుల సాయము కావలసివచ్చినది.

సూదిపోట్ల సాంద్రత అను మాట ఈ శాస్త్రమున తరచుగా వచ్చును. చదరపు సెంటీమీటరునకు ఎన్ని పోట్లు పడినవను లెక్క అది. మీటరు వెడల్పునకు 3000 సూదులున్న పలక నిమిషమునకు 600 సార్లు దిగుచుండగా వస్త్రము నిమిషమునకు 1.8 మీటరుల వేగముతో సాగినచో, చదరపు సెంటీమీటరునకు 100 పోట్లు పడును. చదరపు మీటరునకు అది పదిలక్షల పోట్లగును.

ఇప్పుడు ఒక వస్త్రమును ఉదాహరణముగా గ్రహించి వ్యాసాంతము వరకు దానినే పరీక్షింతము. పాలీప్రొపిలీను పీచుతో చేసినది. చదరపు మీటరు తూకము 300 గ్రాములు. దళసరి 3 మిల్లీమీటరులు. పీచు సన్నదనము 6 డెనియరులు, అనగా 9000 మీటరుల పీచు 6 గ్రాములు తూగును. ఈ పీచు అడ్డుకొలత మిల్లీమీటరులో నూరింట మూడు వంతులు. అట్టి వస్త్రము ఒక్క చదరపు మీటరులో గల పీచునంతయు కొసకు కొస చేర్చినచో 450 కిలోమీటరులగును. ముంబయినుండి షోలాపురమునకు రైలుదారి దాదాపు అంతే దూరము. ఒక్కొక్క పీచు 60 మిల్లీమీటరుల పొడవున్నచో, ఆ చదరపు మీటరులో 75 లక్షల పీచులున్నవి. వీనిలో ప్రతి పీచు ఎచ్చట నున్నదో, ఎటు వంగినదో, దేనిని తాకుచున్నదో వ్రాసికొనుట మనుష్యసాధ్యము కాదు. నేసిన బట్టలో పడుగుపోగులను, పేకపోగులను కుట్టుకంటితో లెక్కించి చాలవరకు చెప్పవచ్చును. ఇచ్చట అట్టి వీలు లేదు. అందుచేతనే నమూనా కావలసివచ్చినది. నమూనా యనగా బొమ్మ కాదు. అసంఖ్యాకమైన పీచుల చిక్కును రెండు మూడు కొలతలకు కుదించి, ఆ కొలతలతో ఫలితము చెప్పు గణితసంబంధము.

అట్టి కొలతలలో మొదటిది పీచుభాగము. 300 గ్రాములను 3 మిల్లీమీటరుల దళసరిలో పరచినచో ఘనమీటరునకు 100 కిలోగ్రాములు. పాలీప్రొపిలీను ఘనమీటరునకు 910 కిలోగ్రాములు తూగును. కావున ఈ వస్త్రములో పీచు నూటికి 11 వంతులు, మిగిలిన 89 వంతులు గాలి. అదే తూకము, అదే దళసరిగల వస్త్రమును పాలియెస్టరుతో చేసినచో, దాని బరువు ఘనమీటరునకు 1380 కిలోగ్రాములగుటచే, పీచు నూటికి 7 వంతులే. తూకము ఒక్కటే, దళసరి ఒక్కటే, చేతికి స్పర్శయు ఇంచుమించు ఒక్కటే. లోపలి ఖాళీ మాత్రము వేరు. ఈ వస్త్రమును గ్రాముల లెక్కన మాత్రమే బేరమాడు అలవాటు బజారులో బలముగా నున్నది. అది సులభమైనదే గాని చాలినది కాదు.

దళసరియు నమ్మదగినది కాదు. ఫెల్టును వ్రేలితో నొక్కిన అణగును. అందుచే అంతర్జాతీయ ప్రమాణమున భూవస్త్రముల దళసరిని 2, 20, 200 కిలోపాస్కలుల ఒత్తిడులలో కొలువవలెనని నియమము. 2 కిలోపాస్కలులనగా చదరపు సెంటీమీటరునకు 20 గ్రాముల బరువు, చేయి ఆనించినంత. 20 అనగా మీటరునకు మించిన మన్ను మోపినంత. 200 అనగా పది మీటరులకు పైబడిన కట్ట క్రింద పడినంత.

ఒత్తిడికి దళసరి ఎట్లు తగ్గునో మొదట చక్కగా చెప్పినవాడు సి. ఎం. వాన్ వైక్. 1946లో ఉన్ని కుదింపును గూర్చి ఆయన వ్రాసిన చిన్న టిప్పణము ఈ శాస్త్రమునకు పునాదిరాయి. ఆయన ఊహ యిది: పీచుల చిక్కులో ప్రతి పీచును రెండు ఆనికల నడుమ వంగు దూలముగా భావింపుము. ఫెల్టు అణగుకొలది పీచులు ఒండొంటిని తాకు చోట్లు పెరుగును, ఆనికలు దగ్గరగును, దూలము పొట్టిదై గట్టిపడును. దీనినుండి తేలిన సూత్రమేమనగా, కావలసిన ఒత్తిడి పీచుభాగముయొక్క ఘనమునుబట్టి పెరుగును. ఉదాహరణ వస్త్రమును సగము దళసరికి అణచుటకు 7 పాళ్ళ ఒత్తిడి చాలినచో, మూడవ వంతునకు అణచుటకు 26 పాళ్ళు కావలెను. క్రొత్త పరుపుపై కూర్చున్న క్షణమున దిగబడి, ఆపైన దిగక నిలుచుటకు కారణమిదే. అయితే వాన్ వైక్ లెక్క విడియున్నికి చెందినది. సూదిపోటు ఫెల్టులో నిలువు మేకులుండుటచే అది మొదటనే కొంత ఎదురు నిలుచును. మరియు బరువు తీసివేసిన పిదప పూర్వపు దళసరికి మరల రాదు. పీచు పీచుపై జారిన జారుడు తిరిగిరాని ఖర్చు. ఈ రెంటిని సూత్రములో ఇముడ్చుటకు వాన్ వైక్ తరువాతివారు పడిన శ్రమ ఇంకను ముగియలేదు.

అణగిన వస్త్రములోనుండి నీరెంత పోవును? ఇచ్చట శాస్త్రములో ఒక ఆసక్తికరమైన తగవు కలదు. 1856లో డార్సీ కనుగొన్న నియమముపై 1927లో కోజెనీ, 1937లో కార్మను కట్టిన సూత్రము ఇసుకమేటలకు ప్రసిద్ధము. దానిప్రకారము ఉదాహరణ వస్త్రము దళసరి 3 నుండి 1.5 మిల్లీమీటరులకు తగ్గి, పీచుభాగము 11 నుండి 22కు పెరిగినచో, పారగమ్యత సుమారు ఆరవ వంతునకు పడిపోవును. 1952లో సి. ఎన్. డేవిస్ పీచు జల్లెడలను పరీక్షించి చేసిన సూత్రముప్రకారము అది నాలుగవ వంతునకు మాత్రమే పడును. ఎవరి లెక్క సరియైనది? కోజెనీ సూత్రము గింజల మధ్య సన్నని గొట్టములున్నట్లు భావించును. నూటికి 89 వంతులు ఖాళీయైన ఫెల్టులో గొట్టములెక్కడివి? అచ్చట నీరు గొట్టములో పారదు. ఏటిలో నాటిన గుంజలచుట్టు పారినట్లు పీచుచుట్టు పారును. కావున పలుచని ఫెల్టునకు డేవిస్ లెక్కయే దగ్గరది. పీచు సన్నదనము విషయమున మాత్రము ఇరువురకు భేదము లేదు: పీచు అడ్డుకొలత సగమైనచో పారగమ్యత నాలుగవ వంతగును. సిమెంటు మిల్లు సంచులకు సన్నపీచు వాడినచో దుమ్ము బాగుగా ఆగును గాని, గాలిని త్రోయు విసనకఱ్ఱ యంత్రమునకు కరెంటు ఖర్చు పెరుగును. ఈ బేరము తప్పనిది.

నీరు పోవుట ఒక ఎత్తు, మన్ను ఆగుట మరియొక ఎత్తు. వస్త్రములోని సందు కొలతను తెలియజేయు సూత్రమును 1996లో జె. పి. జిరూ ప్రకటించెను. 1970లో ఫ్రాన్సులోని వాల్క్రోస్ మట్టి ఆనకట్టకు సూదిపోటు వస్త్రమును జల్లెడగా వాడినవాడును ఈయనయే; మట్టి ఆనకట్టలో ఇట్టి వస్త్రము వాడుట అదియే ప్రథమము. జిరూ సూత్రమును ఉదాహరణ వస్త్రమునకు పెట్టి చూడగా, 3 మిల్లీమీటరుల దళసరిలో సందు సుమారు 0.085 మిల్లీమీటరులు, 1.5 మిల్లీమీటరులకు అణగినపుడు సుమారు 0.055 మిల్లీమీటరులు వచ్చును. చూచుటకు ఈ భేదము లెక్కలోనిది కాదు. కాని భారతీయ ప్రమాణమున ఇసుకకును ఒండ్రునకును సరిహద్దు 0.075 మిల్లీమీటరులు. ప్రయోగశాల బల్లపై అణగక పడియున్న వస్త్రము సన్నని ఇసుకను సైతము జారవిడుచునట్లు కనబడును. మన్ను క్రింద అణగినదై అదే వస్త్రము ఇసుకను పూర్తిగా ఆపి ఒండ్రును కొంత పట్టును, కాని నీటిని అంతే ధారాళముగా విడువదు. బల్లపై కొలిచిన సంఖ్యను నమ్మి కట్ట కట్టినవాడు రెండు విధముల మోసపోవును.

ఇక బలము. కాగితముయొక్క బిగువును గూర్చి 1952లో కాక్సు చేసిన లెక్క సులభమైనది: పీచులన్నియు ఒక్క దిక్కున నున్నప్పటి బిగువుతో పోల్చగా, అన్ని దిక్కులకు సమముగా చెదరియున్నచో మూడవ వంతు బిగువే మిగులును. 1960లో బేకరు, పెటర్సను అను అమెరికా పరిశోధకులు దీనిని నేయని వస్త్రములకు అన్వయించి, పీచులు ఏ దిక్కున ఎన్ని యున్నవో కొలిచి, వస్త్రము ఏ దిక్కున ఎంత సాగునో చెప్పిరి. పొరలను అడ్డముగా మడచుటచే వస్త్రము వెడల్పువైపు గట్టిగాను నిడుపువైపు మెత్తగాను ఉండుటకు కారణము ఈ లెక్కలో స్పష్టపడును. అయితే జిగురుతో అంటించిన వస్త్రమునకు కుదిరినంతగా సూదిపోటు వస్త్రమునకు ఇది కుదరలేదు. 1960ల ఉత్తరార్ధమున మాంచెస్టరులో హెర్లీ, సుల్తాను జరిపిన పరిశోధనలు దీనికి హేతువును చూపినవి. ఇచ్చట పీచు పీచునకు అతుకలేదు; చుట్టుకొన్నది. లాగినపుడు మొదట వంకరలు తీరును, తరువాత జారును, పిమ్మటనే బిగియును.

ఈ బిగింపు ముచ్చటైనది. భావుచా ధక్కాలో పడవను ఆపువాడు త్రాటిని గుంజచుట్టు ఒక చుట్టు వేసి కొసను ఒంటిచేత పట్టుకొనును. రాపిడి గుణకము 0.3 అయినచో ఒక చుట్టునకు చేతిబలము ఆరున్నర రెట్లగును. రెండు చుట్లకు నలువది మూడు రెట్లు. ఫెల్టులో ప్రతి పీచు మరియొక పీచునకు గుంజయే. పైగా లాగినకొలది వస్త్రము వెడల్పున కుంచించుకొని పీచులను మరింత దగ్గరకు నొక్కును. వడకిన నూలులో పురి చేయు పనిని ఇచ్చట చిక్కు చేయుచున్నది.

మరి పోట్లు ఎంత ఎక్కువైన అంత మంచిదా? కాదు. పోట్ల సాంద్రత పెరుగుకొలది బలము కొంతవరకు పెరిగి, శిఖరమునకు చేరి, పిమ్మట తగ్గును. సూది లోతు విషయమునను అంతే. గంటు పట్టిన పీచు అటు జారలేక, ఇటు సాగలేక తెగుటయే కారణము. ఆ శిఖరము ఎక్కడ నుండునో సూత్రముతో చెప్పుట కష్టము. పీచు రకము, నూనెపూత, సూది గంటు అరుగుదల అన్నియు దానిని జరుపును. పాత జాబర్లు సూది అరిగినదని చప్పుడునుబట్టి చెప్పుదురు. ఏ సమీకరణమునందును ఆ చప్పుడు చేరలేదు.

ఇందుచేత కొందరు సూత్రములను ప్రక్కకు నెట్టి ప్రయోగగణనను ఆశ్రయించిరి. 1960లో బాక్సు, బెంకెను రూపొందించిన పద్ధతిలో తూకము, పోట్లు, లోతు అను మూడు అంశములను మూడేసి స్థాయిలలో మార్చుచు, 27 వస్త్రములకు బదులు 15తోనే పని ముగించవచ్చును. 2000 సంవత్సరమున దేబ్‌నాథ్, మధుసూదనన్, శ్రీనివాసమూర్తి అను భారతీయ పరిశోధకులు సూదిపోటు వస్త్రముల లాగుడు గుణములను, గాలి చొరబాటును కృత్రిమ నాడీజాలముతో అంచనా వేసి ప్రకటించిరి. నాడీజాలమనగా కంప్యూటరునకు కొలిచిన వస్త్రములను చూపి, తప్పు చేసినపుడెల్ల దిద్దుచు నేర్పించు పద్ధతి. బడిలో ఎక్కము చెప్పించుటవంటిది. నేర్చిన మేరలో అది సూత్రములకంటె దగ్గరగా చెప్పును. కాని ఎందుకట్లు అని అడిగిన జవాబు లేదు. చూపని పీచును, చూపని తూకమును అడిగినచో నిస్సంకోచముగా తప్పు చెప్పును. కర్మాగారపు నిత్యకృత్యమునకు నాడీజాలము మేలు. క్రొత్త వస్త్రము కల్పించువానికి వాన్ వైక్, డేవిస్, జిరూలే దిక్కు.

ముంబయిలో ఈ పరీక్షలకు తగిన చోటు లేకపోలేదు. 1954లో ఏర్పడిన బొంబాయి వస్త్రపరిశోధన సంఘము ఘాట్కోపరులో నున్నది. కేంద్రప్రభుత్వము దానిని భూవస్త్రముల విశేష కేంద్రముగా గుర్తించినది. 2020లో 1480 కోట్ల రూపాయలతో జాతీయ సాంకేతిక వస్త్రముల మిషను ఆమోదింపబడెను. ఆంధ్రదేశమున కాకినాడ రేవు ప్రాంతపు మెత్తని సముద్రపు మట్టిపై వేసిన రహదారి క్రింద 1990ల దశకమున జనపనార వస్త్రమును వాడిరి, అది నేసినది. నార కొన్నేండ్లకు మన్నులో కలిసిపోవును గాని, అంతలో మట్టిలోని నీరు ఇంకి నేల తానే గట్టిపడును. ఇట్టి వస్త్రమునకు బలముతోపాటు ఆయుర్దాయమును కూడ లెక్క కట్టవలెను.

ముంబయి తీరపు నల్లని బంకమట్టి రేణువులు పైన చెప్పిన సందులకంటె ఎన్నోరెట్లు చిన్నవి. వానిని ఏ సూదిపోటు వస్త్రమును రేణువు రేణువుగా ఆపజాలదు. వస్త్రమునకు ఆనుకొని మొదట కొంత మన్ను జారిపోయి, ముతక రేణువులు మిగిలి, అవి సన్నవానిని ఆపి, మన్నే మన్నునకు జల్లెడయై నిలువవలెను. నిలువనిచో రెండే గతులు: మన్ను జారుచునే యుండును, లేదా సందులు పూడి నీరు నిలిచిపోవును. ఏది జరుగునో పైని సూత్రములలో ఒక్కటియు చెప్పదు. దానికై ఆ చోటి మన్నును, ఆ వస్త్రమును ఒకే గొట్టములో పెట్టి నీరు పారించి, మన్నులోను వస్త్రమువద్దను నీటి ఒత్తిడి ఎట్లు తగ్గుచున్నదో దినదినము కొలుతురు. బంకమట్టి విషయమున ఆ పరీక్ష వారములకొలది సాగును.